పరాయి గొంతు, సొంత నేల: 'కె అండ్ డి సెషన్స్' గురించి ఒక ప్రసంగం

సభకు నమస్కారం. ఈ సాయంత్రం నేను మాట్లాడదలచుకున్నది 1998లో బెర్లిన్‌కు చెందిన స్టూడియో కె7 అనే సంస్థ విడుదల చేసిన ఒక జంట సీడీ గురించి. దాని పేరు 'ది కె అండ్ డి సెషన్స్'. చేసినవారు వియన్నా నగరవాసులైన పీటర్ క్రూడర్, రిచర్డ్ డోర్ఫ్‌మైస్టర్. రెండు డిస్కుల్లోనూ కలిపి 21 ట్రాకులున్నాయి. వాటిలో వీరి స్వంత రచనలు చాలా తక్కువ. తక్కినవన్నీ ఇంగ్లండు నుంచి, అమెరికా నుంచి, జర్మనీ నుంచి, వారి సొంత వియన్నా నుంచి వచ్చిన ఇతరుల పాటలకు వీరు చేసిన రీమిక్సులు. అవి కూడా ఒక్కసారిగా కూర్చుని చేసినవి కావు. కొన్నేళ్లపాటు ఒక్కో సంస్థ అడిగినప్పుడు ఒక్కోటి చొప్పున చేసి ఇచ్చినవి. సాధారణంగా ఇలాంటి పనుల గతి ఏమవుతుందో రికార్డుల దుకాణాల్లో తిరిగినవారికి తెలుసు. 12 అంగుళాల రికార్డు రెండో వైపున ఉండి, ఏడాది తిరిగేసరికి సగం ధరకు అమ్మే పెట్టెలోకి చేరతాయి. అటువంటి ముక్కలను ఏరి కూర్చిన సంకలనం పాతికేళ్లు దాటినా చెక్కుచెదరకుండా, ఒకే మనిషి ఒకే ఊపులో చేసిన కృతిలా ఎందుకు వినిపిస్తోంది? ఈ ప్రశ్నకు నాకు తోచిన సమాధానం ఒకటుంది. ఇందులో గొంతులు పరాయివి, నేల మాత్రం సొంతం. ఆ నేలను వారు తొందర లేకుండా వేశారు. ఈ మాటను కాస్త వివరంగా చెప్పే ప్రయత్నం చేస్తాను.

ముందుగా రీమిక్సు అనగానే మన శ్రోతల మనసులో మెదిలే చిత్రాన్ని ఒకసారి పక్కన పెట్టుకుందాం. 1992 నాటి 'ఘరానా మొగుడు'లోని 'బంగారు కోడిపెట్ట' పాటను 2009లో 'మగధీర' కోసం మళ్లీ వాడుకున్నారు. రెండింటికీ సంగీతం కీరవాణిగారిదే. థియేటరులో ఆ పాట మొదలైన క్షణాన వినిపించిన ఈల, పాత పాటను గుర్తుపట్టిన ఆనందం. అక్కడ బాణీ పదిలంగా ఉండాలి, ఊపు పెరగాలి, పాత జ్ఞాపకానికి కొత్త బట్టలు తొడగాలి. దాని మీద నాకే ఫిర్యాదూ లేదు; ఆ పని బాగా చేయడమూ సులువు కాదు. అయితే క్రూడర్, డోర్ఫ్‌మైస్టర్‌లు చేసిన పనిలో గుర్తుపట్టడానికి దాదాపు చోటే లేదు. ఈ ఆల్బమును ప్రేమించినవారిలో అత్యధికులు అసలు పాటలను ఎన్నడూ వినలేదని నా అంచనా. విననక్కర కూడా లేదు. వియన్నాకు వచ్చిన పాటలోంచి వీరు ఒక గొంతునో, ఒక పదబంధాన్నో, ఒక్కోసారి కేవలం ఒక నిట్టూర్పునో ఉంచుకుని, దాని కిందనున్న డ్రమ్సును, బేస్ అనే లోతైన కింది స్వరాలను, తీగలను చాలావరకు తీసేసి, కొత్తగా వేసుకున్నారు. ఇల్లు కూల్చి ఒక్క ద్వారబంధాన్ని మాత్రం దాచుకుని, దాని చుట్టూ మళ్లీ ఇల్లు కట్టినట్టుంటుంది ఆ పని.

ఈ పద్ధతి వియన్నాలో పుట్టింది కాదు. దీని మూలం జమైకా. కింగ్‌స్టన్ నగరంలో కింగ్ టబ్బీగా ప్రసిద్ధుడైన ఆస్బర్న్ రడ్డక్ వృత్తిరీత్యా రేడియోలు, యాంప్లిఫయర్లు బాగుచేసే మనిషి. వీధుల్లో పెద్ద పెద్ద స్పీకర్లు పెట్టి పాటలు వేసే సౌండ్ సిస్టములకు ఆయన పరికరాలు తయారు చేసేవారు. 1970ల తొలినాళ్లలో ఒక నాలుగు ట్రాకుల మిక్సరును తన ఇంట్లో పెట్టుకుని, అప్పటికే రికార్డయిన రెగే అనే జమైకా తరహా పాటల టేపులను దాని మీద ఆడించేవారు. పాడేవాడి గొంతు నాలుగు మాటలు వినిపించగానే శబ్దాన్ని తగ్గించే మీటను, అంటే ఫేడరును, కిందికి లాగేసేవారు. ఆఖరి మాట మాత్రం ఎకోలో పడి, మళ్లీ మళ్లీ మోగుతూ దూరమైపోయేది. మిగిలిన ఖాళీలో డ్రమ్సూ బేస్ మాత్రమే నడిచేవి. ఆ ఖాళీయే వినేవాడిని లోపలికి లాగుతుంది. పాటలోంచి తీసేసిన దానితోనే కొత్త పాట తయారవుతుందని రుజువు చేసినవాడు టబ్బీ. ఆయన 1989లో తన ఇంటి ముందే దుండగుల కాల్పుల్లో మరణించారు. కానీ డబ్ అని పేరుపడ్డ ఆయన ఒరవడి అప్పటికే జమైకా వలసల వెంట ఇంగ్లండు నగరాలకు చేరిపోయింది. 1991లో బ్రిస్టల్ నుంచి వచ్చిన మాసివ్ అటాక్ బృందపు 'బ్లూ లైన్స్'లో ఆ నీడ స్పష్టంగా కనిపిస్తుంది. 1995లో మ్యాడ్ ప్రొఫెసర్ అదే బృందపు తరువాతి ఆల్బమును మొత్తంగా డబ్ చేసి 'నో ప్రొటెక్షన్' పేరిట వెలువరించినప్పుడు, రీమిక్సుల ఆల్బము అసలు ఆల్బము పక్కన సమానంగా కూర్చోగలదని చాలామందికి మొదటిసారి అర్థమైంది.

వియన్నా ఈ పటంలో మధ్యలో ఉన్న ఊరు కాదు. లండన్, బెర్లిన్, డెట్రాయిట్‌ల వంటి క్లబ్బు రాజధానులకు దూరంగా, మొజార్ట్, షూబర్ట్‌ల పేర్ల మీద పర్యాటకులను పిలిచే నగరమది. దూరంగా ఉండడం వీరికి మేలే చేసిందని నా అభిప్రాయం. లండన్‌లో ఉన్నవాడు వారానికొకసారి మారే ఫ్యాషన్‌తో పోటీ పడాలి. వియన్నాలో ఇంట్లో కూర్చుని ఒక్క బేస్ తీగను సరిచేసుకుంటూ వారం గడిపినా అడిగేవాడు లేడు. వీరి మొదటి రికార్డు 'జీ-స్టోన్డ్' 1993లో వచ్చింది. దాని అట్ట మీద వీరిద్దరూ, 1968 నాటి సైమన్ అండ్ గార్ఫంకెల్ 'బుకెండ్స్' అట్టలోని ఆ ఇద్దరిలాగే నల్లచొక్కాల్లో గంభీరంగా నిలబడ్డారు. చమత్కారమే, కానీ అందులో ఒక సూచన కూడా ఉంది. ఇతరుల రూపాన్ని తీసుకుని, దాని లోపల తమను ఉంచుకోవడం వీరికి మొదటి నుంచీ ఇష్టమైన ఆట. వీరి సంస్థ జీ-స్టోన్ పేరు కూడా వియన్నాలోని గ్రుండ్‌స్టైన్‌గాస్సె అనే వీధి పేరులోంచి వచ్చిందే. 1996లో స్టూడియో కె7 వారి 'డీజే-కిక్స్' వరుసలో ఒక సంకలనం చేశాక వీరి పేరు ఐరోపా అంతటా పాకింది. ఇక అక్కడి నుంచి రీమిక్సు చేసిపెట్టమని అడిగేవారికి లోటు లేకపోయింది.

ఇప్పుడు వేగం సంగతి. ఈ ఆల్బము గురించి మాట్లాడేవారు 'మెల్లగా ఉంటుంది' అని ఒక్క మాటతో తేల్చేస్తారు గానీ, ఆ మెల్లదనం లోపల ఒక లెక్క ఉంది. 1990ల మధ్యలో ఇంగ్లండును ఊపేసిన డ్రమ్ అండ్ బేస్ సంగీతం నిమిషానికి దాదాపు 160 నుంచి 175 బీట్ల వేగంతో నడుస్తుంది. దానిని సగం చేస్తే 80 నుంచి 87 మధ్య పడుతుంది. అది హిప్-హాప్ నడక, రెగే నడక. అంటే ఒకే పాటలో పైన పరుగూ కింద నడకా రెండూ ఉండవచ్చు. వినేవాడి కాలు దేనిని పట్టుకుంటుందన్నది మిక్సు చేసేవాడి చేతిలో ఉంటుంది. ఆల్బములో మొదటి ట్రాకు బ్రిస్టల్‌కు చెందిన రోనీ సైజ్ పాట 'హీరోస్'. ఆ పాట ఉన్న 'న్యూ ఫార్మ్స్' ఆల్బముకు 1997లో బ్రిటన్‌లో ప్రతిష్ఠాత్మకమైన మెర్క్యురీ బహుమతి వచ్చింది. పరుగుకు పేరుపడ్డ మనిషి పాటను క్రూడర్ తీసుకుని, బ్రెజిల్ బోసా నోవా తీరులోకి వదులుగా, పొడవుగా సాగదీశారు. రెండు గంటల ప్రయాణానికి తలుపు దగ్గరే 'ఇక్కడ తొందర పనికిరాదు' అని చెప్పడానికి ఇంతకంటే మంచి ఎంపిక ఉండదు. ఆ వెంటనే వచ్చే కొన్ని ట్రాకుల్లో మళ్లీ డ్రమ్ అండ్ బేస్ పరుగు తొంగిచూస్తుంది. అంటే వేగం వీరికి చేతకాక వదిలేసింది కాదు, చేతిలో ఉంచుకుని వాడుకున్నది.

మన సంప్రదాయంలో దీనిని గ్రహించడానికి దారి ఉంది. క్షేత్రయ్య పదాలను చౌక కాలంలో, అంటే నెమ్మది నడకలో, పాడడమే ఆచారం. త్వరిత కాలంలో తాళం తనంతట తానే పాటను మోసుకుపోతుంది, చిన్న చిన్న లోపాలు ఆ ఉరవడిలో కొట్టుకుపోతాయి. చౌక కాలంలో ప్రతి స్వరానికీ మధ్య ఖాళీ పెరుగుతుంది, ఆ ఖాళీలో దాక్కోవడానికి వీలుండదు. గాయకుడి శ్వాస, అనుస్వరం, శ్రుతిశుద్ధి అన్నీ బయటపడిపోతాయి. ఎలక్ట్రానిక్ సంగీతానికీ ఇదే వర్తిస్తుంది. వేగంగా కొట్టే బీటులో నాసిరకపు శబ్దం కూడా నెట్టుకొస్తుంది. నిమిషానికి 85 బీట్ల దగ్గర ఒక్క డ్రమ్ము దెబ్బ చప్పగా ఉన్నా చెవికి గుచ్చుకుంటుంది. ఈ ఇద్దరి ఓర్పు ఎక్కడ ఖర్చయిందో ఇక్కడ తెలుస్తుంది.

ఒక ఉదాహరణను దగ్గరగా చూద్దాం. మొదటి డిస్కులో ఏడో ట్రాకు, డిపెష్ మోడ్ అనే ఇంగ్లండు బృందం వారి 'యూస్‌లెస్'.

(ఇక్కడ వక్త అసలు పాట తొలి నిమిషాన్ని, తరువాత రీమిక్సు తొలి రెండు నిమిషాలను వినిపించారు.)

మీరు మొదట విన్నది 1997లో వచ్చిన 'అల్ట్రా' ఆల్బములోని అసలు పాట. మార్టిన్ గోర్ రచన, డేవ్ గాన్ గొంతు. గిటారు ముందు వరుసలో నిలబడి గొడవకు దిగినట్టు ఉంటుంది; పాట మొత్తం ఎవరినో నిలదీస్తున్న ధోరణిలో సాగుతుంది. రెండోసారి విన్నదానిలో ఆ గిటారు పెత్తనం పోయింది. గుండ్రని బేస్ ఒకటి కింద మెల్లగా తిరుగుతోంది. గొంతు వెంటనే రాలేదు. మీలో కొందరు వస్తుందా రాదా అన్నట్టు తల పైకెత్తడం నేను చూశాను. వచ్చాక కూడా అది అరవలేదు, అరవడానికి దానికి ఎదురుగా ఎవరూ లేరు కదా! మాటలు అవే, పాడిన గొంతు అదే, ఒక్క అక్షరం కూడా కొత్తగా పాడించలేదు. కానీ కోపం కాస్తా అలసటగా మారిపోయింది. 'అల్ట్రా' తయారవుతున్న 1996లోనే డేవ్ గాన్ మాదకద్రవ్యాల వల్ల మృత్యువు అంచు దాకా వెళ్లి వెనక్కి వచ్చారన్నది అందరికీ తెలిసిన విషయం. ఆ గొంతులోని అలసట అసలు పాటలోనూ ఉంది, గిటారు హోరు కింద దాగి ఉంది. క్రూడర్, డోర్ఫ్‌మైస్టర్‌లు దానిని కనిపెట్టి, దాని మీద కప్పిన దుప్పటి తీశారు. ఈ రీమిక్సు అసలు పాట మీద వచ్చిన ఉత్తమ విమర్శ అని నేనంటాను.

మరో ముచ్చట. 'అల్ట్రా'కు నిర్మాత టిమ్ సిమెనన్. బాంబ్ ద బేస్ అన్న పేరుతో పాటలు చేసేది కూడా ఆయనే. ఆ పేరుతో 1994లో ఆయన చేసిన 'బగ్ పౌడర్ డస్ట్' పాట, జస్టిన్ వార్‌ఫీల్డ్ ర్యాపుతో, ఈ సంకలనంలో ఒకసారి కాదు, రెండుసార్లు కనిపిస్తుంది. మొదటి డిస్కులో ర్యాపు ఉన్న రూపం, రెండో డిస్కులో డబ్ రూపం. బర్మింగ్‌హామ్‌కు చెందిన రాకర్స్ హై-ఫై వారి 'గోయింగ్ అండర్' కూడా ఇలాగే రెండు చోట్ల ఉంది. చోటు నింపడానికి రెండేసి సార్లు పెట్టారని అనుకోనక్కర లేదు. రికార్డు ఒక వైపున పాట, రెండో వైపున దాని 'వెర్షన్' వేసే జమైకా అలవాటును వీరు ఆల్బము పొడవునా పరిచారు. మొదటి డిస్కులో పరిచయమైన ముఖం గంట తరువాత మసక వెలుతురులో మళ్లీ ఎదురైనట్టుంటుంది. కాలం గడిచిందన్న స్పృహ శ్రోతకు అలా కలుగుతుంది. ముక్కల సంకలనానికి ఒక నడక వచ్చిందంటే ఇలాంటి కూర్పు వల్లనే.

దూరాల మాట కూడా చెప్పాలి. రెండో డిస్కులో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌కు చెందిన బోన్ థగ్స్-ఎన్-హార్మొనీ పాట ఒకటి ఉంది. నెల మొదటి తారీఖున ప్రభుత్వ సహాయపు చెక్కులు చేతికొచ్చే పేదల వాడ సంబరం అది. బెల్‌ఫాస్ట్‌కు చెందిన డేవిడ్ హోమ్స్ పాట 'గాన్'లో సెయింట్ ఎటియెన్ బృందపు గాయని శారా క్రాక్‌నెల్ గొంతు వినిపిస్తుంది. పల్చని, ఇంగ్లీషు వాన లాంటి గొంతు. విలియం ఆర్బిట్ స్ట్రేంజ్ కార్గో పేరుతో చేసిన పాట ఉంది. మాంచెస్టర్ జంట ల్యాంబ్ ఉంది. జర్మనీకి చెందిన రైనర్ ట్రూబీ బృందం డాన్యూబ్ నది పుట్టే ఊరు డోనావెషింగెన్ పేరు పెట్టుకున్న పాటను, ఆ నది కిందికి పారి చేరే వియన్నాలో కూర్చుని క్రూడర్ రీమిక్సు చేసి, గుక్క తిప్పుకోకుండా పలకలేనంత పొడుగు పేరు తగిలించారు. వియన్నావారి హాస్యం అలాంటిది. ఈ మనుషులెవరూ ఒకరినొకరు ఒకే గదిలో ఊహించుకోలేదు. అయినా రెండు గంటల సేపు వింటే ఒకే పైకప్పు కింద, ఒకే దీపం వెలుగులో ఉన్నట్టే అనిపిస్తారు. ఎందుకంటే అందరి కాళ్ల కిందా ఉన్నది ఒకే నేల. ఆ బేస్, ఆ డ్రమ్సు, ఆ ఎకో ఒకే ఇద్దరి చెవులు ఆమోదించినవి.

ఇక ఈ ఆల్బము మీద తరచు వినిపించే అభియోగానికి వద్దాం. ఇది కాఫీ దుకాణపు సంగీతమని, హోటల్ లాబీలో, బట్టల షోరూములో మాట్లాడుకోవడానికి వెనుక మోగే శబ్దమని అంటారు. ఈ మాట పుట్టడానికి కారణం లేకపోలేదు. ఇబిజా ద్వీపంలోని కాఫే డెల్ మార్ పేరుతో 1994 నుంచి సంకలనాలు వస్తూనే ఉన్నాయి. పారిస్‌లోని బుద్ధా బార్ 1999లో తన వరుసను మొదలుపెట్టింది. ఆ తరువాతి దశాబ్దంలో చిల్-అవుట్ అన్న మాట అట్ట మీద వేసుకుని వచ్చిన సీడీలకు అంతు లేదు. కొంత సితారు, కొంత అల చప్పుడు, ఆడగొంతులో ఒక ఆలాపన, కింద కంప్యూటరు కొట్టే ఒక బీటు: అంతటితో పని అయిపోయేది. మన హైదరాబాదులోనూ ఆ తరహా సంగీతాన్ని వినకుండా ఒక పెద్ద హోటల్‌లో కాఫీ తాగడం కష్టమైన రోజులుండేవి. 'కె అండ్ డి సెషన్స్'ను ఆ గుంపులో కలిపేయడం తేలిక. కానీ ఆ గుంపులో ఇవాళ ఎవరైనా కోరి వెతికి వింటున్నవి ఎన్ని? తేడా ఎక్కడుందంటే, ఆ సీడీలు శ్రోత ధ్యాస పెట్టడని ముందే నిశ్చయించుకుని చేసినవి. ఇది ధ్యాస పెట్టినా పెట్టకపోయినా తట్టుకునేలా చేసింది. పక్క గదిలోంచి వింటే మెత్తగా ఉంటుంది. దగ్గరికొచ్చి వింటే దానిలో హాయి కంటే బెంగ ఎక్కువ. 'యూస్‌లెస్'లో కానీ, 'గోయింగ్ అండర్'లో కానీ ఓదార్పు ఏమీ లేదు. వెచ్చగా కనిపించే గదిలో ఏదో సరిగ్గా లేదన్న అనుమానం ఉంది.

లోపాలు లేవని నేననను. రెండో డిస్కు మధ్య భాగంలో ఒకటి రెండు ట్రాకులు తమకు చెప్పవలసినది చెప్పేశాక కూడా కూర్చునే ఉంటాయి. డ్రమ్ అండ్ బేస్ వైపు మొగ్గిన కొన్ని చోట్ల డ్రమ్సు శబ్దం 1990ల ముద్రను దాచుకోలేదు. ఆ కాలంలో యవ్వనం గడిపినవారికి అది ముచ్చటగానూ, నేటి పిల్లలకు పాతబడినట్టుగానూ ఉండవచ్చు. వినగానే ఆకట్టుకునే ఎత్తుగడలు కావాలనుకునేవారికి ఇది మొదటి పది నిమిషాల్లోనే విసుగు పుట్టిస్తుంది. వారితో వాదించి ప్రయోజనం లేదు.

దీని ఆయుష్షుకు మరో కారణం, బహుశా అందరికంటే ఆ ఇద్దరికే ఎక్కువ తెలిసిన కారణం: వారు దీనికి రెండో భాగం చేయలేదు. గిరాకీ లేక కాదు. 1999లో మడోన్నా పాట 'నథింగ్ రియల్లీ మ్యాటర్స్'కు కూడా వీరు రీమిక్సు చేశారు. అది విలియం ఆర్బిట్ చేయి పడిన 'రే ఆఫ్ లైట్' ఆల్బములోనిదే. అంత పెద్ద గుమ్మం తెరుచుకున్నాక ఎవరైనా ఏడాదికొక సంకలనం విడుదల చేసేవారు. క్రూడర్ మాత్రం పీస్ ఆర్కెస్ట్రా పేరుతో 1999లో తన ఆల్బము తాను చేసుకున్నారు. డోర్ఫ్‌మైస్టర్, రూపెర్ట్ హూబర్‌తో కలిసి నడుపుతున్న టోస్కాకు సమయమిచ్చారు. 2000లో వచ్చిన వారి 'సుజుకి' ఈ ధోరణిలో మరో మంచి రికార్డు. ఇద్దరి పేరుతో స్వంత రచనల పూర్తి ఆల్బము రావడానికి 2020 వరకు పట్టింది. దాని పేరు '1995'. అది కూడా కొత్తగా రాసినది కాదు, 1990ల మధ్యలో చేసి పక్కన పెట్టిన పాటలను పాత డాట్ (డిజిటల్ ఆడియో) టేపుల్లోంచి బయటికి తీసింది. నిమిషానికి 85 బీట్ల మనుషులు తమ వృత్తి జీవితాన్ని కూడా ఆ వేగంతోనే నడిపారన్నమాట. ఈ ధోరణి అమ్మకాలకు నష్టమే చేసి ఉంటుంది. రికార్డుకు మాత్రం మేలు చేసింది. అనుకరణలు ఎన్ని వచ్చినా, అసలు చేసినవారి చేతి అనుకరణ ఒక్కటి కూడా రాలేదు.

వినదలచినవారికి ఒక్క ఆచరణాత్మక సూచన. దీనిని ఫోన్ స్పీకరులో వినవద్దు. ఈ సంగీతపు బరువంతా 40 నుంచి 100 హెర్ట్జ్‌ల మధ్య ఉంటుంది. ఫోన్‌లోని చిన్న స్పీకరు ఆ కింది శబ్దాన్ని దాదాపు పలకనే పలకదు. ఇంతసేపు నేను నేల అన్నది ఏదో, అది అక్కడ మీకు వినిపించదు. మిగిలేది గొంతూ, కొన్ని తాళాల చప్పుడూ మాత్రమే. అప్పుడు ఇది నిజంగానే కాఫీ దుకాణపు సంగీతం అవుతుంది. ఓ మోస్తరు హెడ్‌ఫోన్ ఉన్నా చాలు. మొదటి డిస్కుతో మొదలుపెట్టి, వరుస మార్చకుండా వినండి. స్ట్రీమింగ్‌లో ట్రాకులను కలగాపులగం చేసే మీటను ఆపేయండి.

ఇప్పుడు రెండో డిస్కులోని 'బగ్ పౌడర్ డస్ట్' డబ్ రూపాన్ని ఈ హాలులోని పెద్ద స్పీకర్లలో పూర్తిగా వినిపిస్తాను. ర్యాపు ఎక్కడెక్కడ మాయమైందో, ఆ చోట ఏమి మిగిలిందో గమనిస్తూ వినండి. ఆ తరువాత మీ ప్రశ్నలు తీసుకుంటాను.